తుప్పును ఆపే రంగుకు నీడ కావాలి

ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే రంగు డబ్బాలో ఉన్నప్పుడు కూడా మారుతూనే ఉంటుంది. మూత బిగించి అరలో పెట్టినంత మాత్రాన అది కొన్న నాటి సరుకుగానే ఉండిపోదు. అందులోని బరువైన పొడి అడుగుకు దిగుతుంది, జిగురు నెమ్మదిగా చిక్కబడుతుంది, గాలి చొరబడితే పైన మీగడ కడుతుంది, తేమ చొరబడితే లోపల వాయువు పుడుతుంది. ఇవన్నీ బయటికి కనిపించకుండా జరిగే పనులు. ఫలితం మాత్రం ఏడాదికో రెండేళ్లకో ఏ స్తంభం మీదో, ఏ ట్యాంకు అడుగునో పొరలుగా లేచిన రంగై కనిపిస్తుంది. అప్పటికి గోదాం సంగతి ఎవరికీ గుర్తుండదు. తప్పు పెయింటర్‌ చేతిదనో, కంపెనీ సరుకుదనో తేల్చేస్తారు. పూత చెడిపోయిన చోట నిల్వ గురించి అడిగేవారు తక్కువ. నిజానికి మొదట అడగవలసిన ప్రశ్నల్లో అదొకటి.

రక్షణ పూతలో ముఖ్యంగా నాలుగు భాగాలుంటాయి. పొరగా గట్టిపడి లోహాన్ని పట్టుకునే రెజిన్‌ అనే జిగురు, తుప్పును ఎదుర్కొనే లేదా రంగునిచ్చే పొడి, ఈ రెండింటినీ పలుచగా ఉంచి పూయడానికి వీలుచేసే ద్రావకం, ఇంకా కొద్ది మోతాదులో కలిపే మందులు. ఊళ్లలో కిటికీ చువ్వలకు, గేట్లకు పూసే రెడ్‌ఆక్సైడ్‌ ప్రైమర్‌, ఎనామెల్‌ ఒకే డబ్బాలో వస్తాయి. కర్మాగారాల్లో, వంతెనల మీద వాడే ఎపాక్సీ, పాలీయూరిథేన్‌ వంటివి రెండు డబ్బాలుగా వస్తాయి. ఒకటి బేస్‌, రెండోది హార్డెనర్‌. జింక్‌ సిలికేట్‌ అయితే ద్రవం ఒక డబ్బాలో, జింక్‌ పొడి వేరే సంచిలో లేదా డబ్బాలో ఉంటాయి. ఈ రకాల్లో ఒక్కోదానికి ఒక్కో శత్రువు. ఎనామెల్‌ను గాలి చెడగొడుతుంది, పాలీయూరిథేన్‌ హార్డెనర్‌ను తేమ, జింక్‌ కలిసిన రంగును దాని బరువే. వేడి మాత్రం అన్నిటికీ ఉమ్మడి శత్రువు.

తమిళనాడులో విరుదునగర్‌, కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి సీమలో ఈ చివరి శత్రువు బలమెంతో బాగా తెలుస్తుంది. తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతమిది. వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది. మిగతా కాలమంతా పొడి వేడి. విరుదునగర్‌ జిల్లా ఆలంగుళంలో ప్రభుత్వ రంగ సిమెంటు కర్మాగారం ఉంది. దాన్ని నడిపే తమిళనాడు సిమెంట్స్‌ కార్పొరేషన్‌ 1976లో ఏర్పడింది. శివకాశిలో ముద్రణాలయాలు, బాణసంచా పరిశ్రమ. రాజపాళయం, కోవిల్‌పట్టిల్లో నూలు మిల్లులు. కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారు దగ్గర బారులుగా గాలిమరలు. జాతీయ పవన విద్యుత్‌ సంస్థ వారి గాలిమరల పరీక్షా కేంద్రం ఉన్నది కూడా కయత్తారులోనే. ఇన్ని చోట్లా ఉక్కు ఉంది, ఉక్కు ఉన్నచోటల్లా రంగు డబ్బాలు నిల్వ ఉంటాయి. అవి చాలావరకు ఉండేది రేకుల షెడ్లలో.

పొడి నేలలో తుప్పు నెమ్మదిగానే పడుతుంది. ఆగ్నేయంగా తూత్తుకుడి తీరానికి, తూర్పుగా మండపం వైపుకు వెళ్లేకొద్దీ ఉప్పుగాలి తుప్పు పనిని తేలిక చేస్తుంది. పాంబన్‌ దగ్గర సముద్రం మీద 1914లో తెరిచిన రైలు వంతెన నూరేళ్లకు పైగా ఆ గాలికి నిలిచింది. చివరికి పైకి లేచే భాగంలో తుప్పు ముదరడంతో 2022 డిసెంబరులో దాని మీద రైళ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌ 6న ప్రారంభమైంది. దాని ఉక్కుకు పాలీసైలాక్సేన్‌ పూత వేశారు. తుప్పు మీద దేశంలో జరిగే పరిశోధనకు పెద్ద కేంద్రం కూడా ఈ దక్షిణాదిలోనే ఉంది. కారైకుడిలోని కేంద్ర విద్యుత్‌ రసాయన పరిశోధన సంస్థకు 1948లో పునాది వేశారు, 1953 జనవరిలో ప్రారంభించారు. లోహపు పలకలను, పూతలను ఉప్పుగాలికి ఎండగట్టి చూడడానికి మండపంలో ఆ సంస్థకు ప్రత్యేక స్థలముంది. ఇంత ఖరీదైన పూతలు, ఇన్నేళ్ల పరీక్షలు, అన్నీ ఒక ఊహ మీద ఆధారపడి ఉంటాయి: తయారీదారు చెప్పిన తీరున నిల్వచేసిన సరుకునే వాడారన్న ఊహ. పాలీసైలాక్సేన్‌ వంటి పూతలు తేమతో చర్య జరిపి గట్టిపడే స్వభావం గలవి. మూత వదులైన డబ్బాలో ఆ చర్య వంతెన మీదికి చేరకముందే మొదలవుతుంది.

డబ్బా మీద అచ్చువేసిన నిల్వ గడువు ఏ వేడికి లెక్కవేసిందో చూడటం మొదటి పని. చాలా కంపెనీలు ఆ గడువును 25 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర చెబుతాయి. కొన్ని పత్రాల్లో నిల్వచేయదగిన వేడి హద్దు 35 అనో 40 అనో ఉంటుంది. ఈ రెండు అంకెలూ ఒకటి కావు. 40 డిగ్రీల దాకా పెట్టవచ్చంటే 40 డిగ్రీల దగ్గర కూడా పూర్తి గడువు దక్కుతుందని అర్థం కాదు. రసాయన చర్యల వేగం వేడితో ఎలా పెరుగుతుందో స్వీడన్‌ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్‌ 1889లో సూత్రీకరించాడు. దాన్నుంచి వాడుకలోకి వచ్చిన మోటు లెక్క ఒకటుంది: పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 25 డిగ్రీల దగ్గర 12 నెలలు ఉండవలసిన సరుకు 35 దగ్గర ఆరు నెలలకు, 45 దగ్గర మూడు నెలలకు వస్తుంది. అన్ని పూతలకూ ఇది అచ్చంగా వర్తించదు, ఒక్కో రెజిన్‌ది ఒక్కో తీరు. అయినా దారి ఏమిటో ఈ లెక్క చూపిస్తుంది. ఎండాకాలంలో బయట 38 డిగ్రీలున్నప్పుడు రేకు కింద అటక ఎత్తున 45 దాటడం వింతేమీ కాదు. మార్చిలో వచ్చిన డబ్బాను పై అరలో పెట్టి ఆగస్టులో తీస్తే, కాగితం మీద ఇంకా ఏడు నెలల గడువు మిగిలి ఉంటుంది. డబ్బాలో మాత్రం అది అయిపోయి ఉండవచ్చు.

అందుచేత మంచి గోదాం అంటే ముందుగా చల్లని గోదాం. ఎయిర్‌ కండిషనర్‌ పెట్టగలిగినవారు పెడతారు, అయితే ద్రావకాల ఆవిరి ఉండే గదిలో అది నిప్పురవ్వ రాని రకం కావాలి. చిన్న యూనిట్లకు చేతిలో ఉన్న ఉపాయాలు వేరు. రేకు మీద తెల్లసున్నం గాని, వేడిని తిప్పికొట్టే తెల్ల పూత గాని వేయడం, గాలికి తిరిగే వెంటిలేటర్‌ బిగించడం, పడమటి గోడకు కిటికీ లేకుండా చూడటం, ఉత్తరపు గోడ పక్కన నిల్వ పెట్టడం. గాలి పుష్కలంగా వీచే ఈ ప్రాంతంలో పైకప్పు వెంటిలేటర్లు కరెంటు ఖర్చు లేకుండా మంచి ఫలితమిస్తాయి. చల్లదనానికని రేకు మీద తాటాకు, కొబ్బరాకు కప్పే అలవాటు ఇళ్లకు సరే. ద్రావకాలున్న గోదాం మీద అది ప్రమాదం, అది మాత్రం వద్దు. అరల విషయంలో ఒక్క మార్పు చాలా మేలు చేస్తుంది: గడువు తక్కువున్న సరుకు, హార్డెనర్లు కింది అరల్లో ఉండాలి, ఖాళీ డబ్బాలు, బ్రష్‌లు, ఇసుక కాగితం పైకి పోవాలి. సాధారణంగా దీనికి తలకిందులుగా సర్దుతారు, ఎందుకంటే చిన్న డబ్బాలు పై అరకు ఎత్తడం తేలిక.

నేల మీద నేరుగా డబ్బాలు పెట్టకూడదు. చెక్క పలకల మీద ఎత్తుగా పెట్టి, గోడకు జానెడు ఎడం వదిలితే గాలి ఆడుతుంది, అడుగు తుప్పు పట్టదు. తుప్పును ఆపే రంగు డబ్బాకే తుప్పు పట్టి చిల్లుపడటం కార్తీక మాసపు వానల తర్వాత చాలా గోదాముల్లో కనిపించే దృశ్యం.

వేడి మరో పని కూడా చేస్తుంది. అడుగుకు దిగడాన్ని వేగవంతం చేస్తుంది. ద్రవంలో రేణువు దిగే వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: రేణువు ఎంత పెద్దది, చుట్టూ ఉన్న ద్రవం కన్నా ఎంత బరువు, ఆ ద్రవం ఎంత చిక్కన. వేడెక్కితే ద్రవం పలుచబడుతుంది, రేణువు తొందరగా జారుతుంది. జింక్‌ సాంద్రత నీటికి ఏడు రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల జింక్‌ ఎక్కువగా ఉండే ఎపాక్సీ ప్రైమర్‌ అడుగంటడంలో మిగతా రంగులన్నిటికన్నా ముందుంటుంది. ఆరు నెలలు కదపని డబ్బా మూత తీస్తే పైన నాలుగు వేళ్ల మందాన తేటగా, నూనె రంగులో ద్రవం తేలి ఉంటుంది. కర్ర దింపితే మొదట మెత్తగా దిగి, సగానికి వచ్చేసరికి బరువెక్కి, అడుగున దేన్నో తాకి ఆగిపోతుంది. ఆ అడుగున ఉన్నది బూడిదరంగు గట్టి ముద్ద, కర్ర మొన నొక్కితే గీత మాత్రమే పడుతుంది. ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. పని తొందరలో పై ద్రవాన్ని కలియబెట్టి, అదే ప్రైమర్‌ అనుకుని పూస్తారు. రంగు బూడిదగానే కనిపిస్తుంది, బాగానే ఆరుతుంది. జింక్‌ మాత్రం డబ్బా అడుగునే ఉండిపోతుంది. జింక్‌ ప్రైమర్‌ పనిచేసేది జింక్‌ రేణువులు ఒకదానికొకటి, ఉక్కుకూ తాకుతూ ఉండి, ఉక్కు బదులు తామే కరిగిపోవడం వల్ల. జింక్‌ చాలని పొరకు ఆ శక్తి ఉండదు. ఖరీదైన ప్రైమర్‌కు డబ్బు చెల్లించి మామూలు ఎపాక్సీ జిగురు పూసినట్టవుతుంది.

దీనికి మందు చాలా సులువు, ఖర్చు లేనిది. నిల్వలో ఉన్న డబ్బాలను నెలకో రెండు నెలలకో ఒకసారి తలకిందులు చేయడమే. వాడే ముందు కొన్ని రోజులు తలకిందులుగా ఉంచడం ఇంకా మంచిది. తిప్పిన తేదీని డబ్బా మీద సుద్దతో గాని మార్కర్‌తో గాని రాయాలి, లేకుంటే ఎవరు తిప్పారో, ఎప్పుడు తిప్పారో తేలదు. అయితే 20 లీటర్ల జింక్‌ ప్రైమర్‌ డబ్బా 50 కిలోలు దాటుతుంది. దాన్ని ఒంటి చేత్తో తిప్పేవారు ఉండరు, తిప్పమని చెప్పి వదిలేస్తే ఎవరూ తిప్పరు. జింక్‌ రంగులను చిన్న డబ్బాల్లో కొనడం, రెండు వరుసలకు మించి పేర్చకపోవడం, పని దగ్గరపడ్డాకే తెప్పించుకోవడం అందువల్ల తెలివైన పద్ధతులు. వాడే రోజున చేతి కర్ర చాలదు. మోటారుకు బిగించిన కలిపే రెక్కతో అడుగు నుంచి పైకి తిప్పాలి. ముద్ద పూర్తిగా విడివడి ద్రవంలో కలిస్తేనే ఆ డబ్బా పనికొస్తుంది, సగం విడివడితే పక్కన పెట్టాలి.

జింక్‌ను అసలు వేరే పొట్లంలోనే ఉంచే జింక్‌ సిలికేట్‌ కథ ఆస్ట్రేలియాలో మొదలైంది. విక్టర్‌ నైటింగాల్‌ అనే ఇంజనీరు 1930లలో రూపొందించిన ఈ రకపు పూతను 1940ల మొదట్లో మోర్గన్‌ నుంచి వైయాలా దాకా వేసిన నీటి గొట్టాల బారుకు వాడారు. దశాబ్దాల తరబడి నిలిచి అది ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు వాడే ఇథైల్‌ సిలికేట్‌ రకంలో ద్రవం, జింక్‌ పొడి కలిపిన కొద్ది గంటల్లోనే వాడేయాలి. కలపకముందు కూడా ద్రవానికి ఏ కొంచెం తేమ తగిలినా తనంతట తానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. జింక్‌ పొడికి తేమ తగిలితే నెమ్మదిగా హైడ్రోజన్‌ వాయువు పుడుతుంది. అది మండే వాయువు, మూసిన డబ్బాలో ఒత్తిడి పెంచుతుంది. సంచి చిరిగి ఉండలు కట్టిన జింక్‌ పొడిని జల్లెడపట్టి వాడేద్దామనుకోవడం పొదుపు కాదు. ఉండ కట్టిన పొడి అప్పటికే కొంత ఆక్సైడ్‌గా మారి ఉంటుంది.

పాలీయూరిథేన్‌ హార్డెనర్‌ది ఇంకా సున్నితమైన వ్యవహారం. అందులో ఉండే ఐసోసైనేట్‌ నీటితో కలిస్తే కార్బన్‌ డయాక్సైడ్‌ విడుదలవుతుంది. నీరంటే వాన నీరే కానక్కరలేదు, మూత తెరిచి పది నిమిషాలు ఉంచితే గాలిలోని తేమ చాలు. పొడి గాలి వీచే కోవిల్‌పట్టిలో కన్నా ఉక్కపోతల విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో ఇది వేగంగా జరుగుతుంది. చెడిన హార్డెనర్‌ను గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చదునుగా ఉండవలసిన డబ్బా మూత మధ్యలో పైకి ఉబ్బి ఉంటుంది, వేలితో నొక్కితే టప్పున లోపలికి పోయి మళ్లీ లేస్తుంది. అలాంటి డబ్బాను మొహం దగ్గర పెట్టుకుని తెరవకూడదు. తేమ కొద్దిగానే తగిలితే మూత ఉబ్బకపోవచ్చు, కాని గాజులా తేటగా ఉండవలసిన ద్రవం మసకబారి ఉంటుంది, అంచుల వెంట తెల్లని పెచ్చు కనిపిస్తుంది. ఇలాంటి హార్డెనర్‌ కలిపిన పూత మెరుపు తగ్గి, చిన్న బుడగలతో ఆరుతుంది. ఆ బుడగలు పగిలిన చోటే నీరు దిగుతుంది. ఒకసారి తెరిచిన హార్డెనర్‌ డబ్బాను మిగిలిస్తే మళ్లీ అక్కరకొస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. ఎపాక్సీ హార్డెనర్లలోని ఎమీన్లు ఇంత తొందరగా చెడవు గాని, అవి కూడా గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చి మీద తెల్లని పొర కడతాయి. వాటికీ గట్టి మూతే రక్ష.

ఒకే డబ్బాలో వచ్చే ఎనామెల్‌, రెడ్‌ఆక్సైడ్‌ల సంగతి ప్రతి హార్డ్‌వేర్‌ దుకాణానికీ తెలిసిందే. ఇవి ఆక్సిజన్‌ తగిలి ఆరే రంగులు కాబట్టి సగం వాడిన డబ్బాలో పైన మిగిలిన గాలే మీగడ కట్టిస్తుంది. మిగిలిన రంగును అంతకు సరిపోయే చిన్న డబ్బాలోకి మార్చి అంచు దాకా నింపడం మేలు. మూత బిగించాక డబ్బాను తలకిందులుగా పెడితే మూత సందును రంగే మూసేస్తుంది. మీగడ కట్టినప్పుడు దాన్ని కర్రతో లోపలికి కలిపేయడం చెడ్డ అలవాటు, ముక్కలు బ్రష్‌కు అంటి పూతలో గరుకులవుతాయి. అంచు చుట్టూ కోసి పొరను మొత్తంగా తీసేసి, మిగతాది వడగట్టి వాడాలి. చాలాకాలం నిల్వ ఉన్న ఎనామెల్‌లో కనిపించని లోపం ఇంకొకటి ఉంటుంది. ఆరడానికి కలిపిన లోహ లవణాలను పొడి రేణువులు తమలోకి లాక్కుంటాయి. రంగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పూస్తే మర్నాటికి కూడా చేతికి అంటుతూనే ఉంటుంది.

చిక్కబడిన రంగులో థిన్నర్‌ పోయవచ్చా అన్నది పనిచేసేచోట రోజూ వచ్చే ప్రశ్న. జవాబు ఎందుకు చిక్కబడిందన్నదాని మీద ఉంది. మూత వదులై ద్రావకం ఆవిరైపోతే, అదే కంపెనీ చెప్పిన థిన్నర్‌ను తగినంత కలిపితే రంగు తిరిగి దారికొస్తుంది. జిగురే లోపల గట్టిపడి సాగే ముద్దలా అయితే ఎంత థిన్నర్‌ పోసినా విడివడదు, విడివడినట్టు కనిపించినా నూకలు నూకలుగా మిగులుతుంది. అది పూయదగిన సరుకు కాదు.

లేత్‌ షాపులు, విడిభాగాల యూనిట్లు వాడే తుప్పునిరోధక నూనెలది వేరే కథ. ఇవి సాధారణంగా 200 లీటర్ల పీపాల్లో వస్తాయి, స్థలం చాలక ఆరుబయట నిలబెడతారు. వాన పడినప్పుడు పీపా పై తలం మీద, అంచు కట్టు లోపల, నీరు మడుగు కడుతుంది. పగలు ఎండకు పీపాలోని గాలి వ్యాకోచించి మూత మరల సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, మూత మీద నిలిచిన ఆ నీటినే లోపలికి పీలుస్తుంది. మూత గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, పీపాలోకి మాత్రం రోజురోజుకీ నీరు చేరుతుంది. తుప్పు ఆపడానికి కొన్న నూనెలో నీరు కలిసి, దాన్ని పూసిన భాగాలకే మచ్చలు పడతాయి. నీడలో పెట్టలేనప్పుడు పీపాను అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలున్న చోటికి వచ్చేలా తిప్పాలి. అప్పుడు రెండు మూతల వెనుకా నూనె ఉంటుంది, గాలి ఉండదు, పీల్చడానికి దారి ఉండదు. తప్పనిసరిగా నిలబెట్టవలసి వస్తే ఒక పక్క చెక్క ముక్క పెట్టి వాల్చాలి, నీరు మూతల వైపు చేరకుండా.

పౌడర్‌ కోటింగ్‌ పొడికి ద్రావకం బెడద లేదు గాని వేడి, తేమ రెండూ పడవు. చాలా రకాలకు 25 నుంచి 30 డిగ్రీల లోపు నిల్వ చెబుతారు. అంతకు మించితే రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలవుతాయి, చల్లే తుపాకీలోంచి సమంగా రావు. పూతను కాల్చే పొయ్యి పక్కనే పొడి పెట్టెలు పేర్చే అలవాటు మానితే సగం సమస్య తీరుతుంది.

ఇక నిప్పు. బాణసంచా మధ్య బతికే ఈ ప్రాంతంలో దీని గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదనిపిస్తుంది. కాని మందుగుండు దగ్గర చూపే భయభక్తులు రంగు గోదాంలో కనిపించవు, అక్కడా అంతే జాగ్రత్త కావాలి. ద్రావకం ఎంత వేడి దగ్గర మండగలిగిన ఆవిరినిస్తుందో చెప్పే అంకెను ఫ్లాష్‌ పాయింట్‌ అంటారు. ఎపాక్సీ థిన్నర్లలో వాడే జైలీన్‌కు అది 27 డిగ్రీల ప్రాంతంలో, టర్పెంటైన్‌ బదులు వాడే మినరల్‌ టర్పెంటైన్‌కు 35-40 ప్రాంతంలో ఉంటుంది. టోలీన్‌కు 4 డిగ్రీలే. అంటే ఎండాకాలపు రేకుల షెడ్డులో ఇవన్నీ తమ ఫ్లాష్‌ పాయింట్‌ దాటే ఉంటాయి. మూత సరిగా లేని ఒక్క డబ్బా ఉంటే చాలు, కావలసింది నిప్పురవ్వ మాత్రమే. 1934 పెట్రోలియం చట్టం 23 డిగ్రీల లోపు ఫ్లాష్‌ పాయింట్‌ ఉన్నవాటిని ఏ తరగతిగా, 23 నుంచి 65 లోపువాటిని బి తరగతిగా విడదీసి నిల్వకు హద్దులు, అనుమతులు పెట్టింది. ఇవి చూసే కేంద్ర సంస్థ పెసో. దాని కార్యాలయం ఒకటి శివకాశిలో ఉంది. ఎక్కువ మోతాదులో థిన్నర్‌ పెట్టుకునేవారు అనుమతి సంగతి ముందే అక్కడ అడిగి తెలుసుకోవాలి.

ఈ ద్రావకాల ఆవిరి గాలికన్నా బరువు. జైలీన్‌ ఆవిరి మూడు రెట్లకు మించి బరువుంటుంది. అది పైకి పోదు, నేల వెంట పాకి గుంటల్లో, కాలువల్లో నిలుస్తుంది. కాబట్టి పైన వెంటిలేటర్‌ ఒక్కటే చాలదు, గోడ అడుగున నేలకు దగ్గరగా జాలీ కిటికీలు తప్పనిసరి. స్విచ్చులు, చార్జర్లు గది బయటే ఉండాలి. పెద్ద పీపా నుంచి చిన్న డబ్బాలోకి థిన్నర్‌ వంపేటప్పుడు రెండింటినీ తీగతో కలిపి భూమికి ఎర్త్‌ చేయాలి, ప్రవహించే ద్రావకమే స్థిరవిద్యుత్తు పుట్టించగలదు. మంటకు నీళ్లు చల్లితే ద్రావకం నీటి మీద తేలి మరింత వ్యాపిస్తుంది. అందుబాటులో ఉంచవలసినవి ఇసుక బక్కెట్లు, నురుగు లేదా పొడి రకపు ఆర్పే సిలిండర్లు. ఎనామెల్‌ తుడిచిన గుడ్డలను ముద్దగా మూలన పడేయడం చాలామందికి ప్రమాదంగా తోచదు. ఆ గుడ్డల్లోని జిగురు ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక ఎవరూ అంటించకుండానే మండుకుంటుంది. వాటిని నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

లారీలో గడిచే సమయాన్ని కూడా నిల్వగానే లెక్కపెట్టాలి. మదురై నుంచి విరుదునగర్‌, సాత్తూర్‌, కోవిల్‌పట్టి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద టార్పాలిన్‌ కింద రెండు పగళ్లు ఆగిన సరుకు గోదాంలో ఎన్నో రోజులకు సమానమైన వేడిని చూసి వస్తుంది. గాలిమర పాదం దగ్గర, సిమెంటు కర్మాగారం కన్వేయర్‌ కింద పని జరిగేటప్పుడు వారానికి సరిపడా డబ్బాలు ఎండలో దించేయడం మామూలు. ఆ రోజుకు కావలసినంతే దించుకుని, వాటికీ నీడ చూడాలి. వేడెక్కిన బేస్‌లో హార్డెనర్‌ కలిపితే వాడుకునే వ్యవధి సగానికి సగం పడిపోతుంది, తుపాకీ గొట్టంలోనే రంగు గట్టిపడుతుంది.

గోదాం పుస్తకంలో వచ్చిన తేదీ ఒక్కటే రాస్తే చాలదు. బ్యాచ్‌ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ రాయాలి, బేస్‌కూ హార్డెనర్‌కూ విడివిడిగా. ఈ రెంటి గడువులు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి, తక్కువున్నదే జతకు గడువు. ముందు వచ్చింది ముందు వాడాలన్న పాత సూత్రం కన్నా ముందు గడువు ముగిసేది ముందు వాడాలన్నది సరైనది, ఎందుకంటే ఆలస్యంగా వచ్చిన లాట్‌ పాతది కావచ్చు. ఒక మూలన పది రూపాయల పుస్తకం, గోడకు గరిష్ఠ కనిష్ఠ వేడి చూపే థర్మామీటర్‌ ఉంటే చాలు, నిల్వ ఎలా ఉందన్నది ఊహ కాక లెక్క అవుతుంది.

గడువు దాటిన సరుకంతా పారేయవలసిందేనా? కాదు. కొన్ని కంపెనీలు నమూనా పరీక్షించి గడువు పొడిగిస్తాయి, రాతపూర్వకంగా. అక్కడికి పంపకముందు చూడదగినవి కొన్ని ఉన్నాయి. బాగా కలిపాక అడుగున ముద్ద మిగలకూడదు. కింద రంధ్రమున్న ఫోర్డ్‌ కప్పులోంచి రంగు ఖాళీ కావడానికి పట్టిన సెకన్లు పత్రంలో చెప్పిన హద్దులో ఉండాలి. గాజు పలక మీద సన్నగా లాగితే నూకలు కనిపించకూడదు. శుభ్రంచేసిన ఉక్కు పలక మీద పూసి, చెప్పిన సమయానికి ఆరుతుందో లేదో, ఆరాక బ్లేడుతో గళ్లుగా కోసి టేపు అంటించి లాగితే ఊడుతుందో లేదో చూడాలి. రంగుల పరీక్షలకు భారతీయ ప్రమాణం ఐఎస్‌ 101 ఈ పద్ధతులను వివరంగా చెబుతుంది. ఐసోసైనేట్‌ హార్డెనర్‌, ఇథైల్‌ సిలికేట్‌ ద్రవం విషయంలో మాత్రం గడువు దాటాక తటపటాయింపు అనవసరం, వాడకపోవడమే మంచిది. ఒక డబ్బా ధర కన్నా, పూసిన చోట మళ్లీ పరంజా కట్టి, ఇసుకతో చెక్కి, తిరిగి పూసే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ.

చెడిపోయిన రంగును కాలువలోనో, చెరువు గట్టునో పోయడం నేరం కూడా. పరిశ్రమల రంగు వ్యర్థాలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి, అనుమతి ఉన్న సంస్థకే అప్పగించాలి. ఖాళీ డబ్బాల విషయం ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే అది ఇళ్లలోకి వస్తుంది. నీటి కరువున్న ఊళ్లలో 20 లీటర్ల రంగు డబ్బా నీళ్లు పట్టుకోవడానికి, ధాన్యం పోసుకోవడానికి బాగా అక్కరకొస్తుంది. జింక్‌ క్రోమేట్‌ ప్రైమర్‌ డబ్బాలో అంటుకున్న క్రోమియం క్యాన్సర్‌ కలిగించే రకం. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 భాగాలకు పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నా, అది కర్మాగారాల్లో వాడే రంగులకు వర్తించదు. ఎంత కడిగినా ఆ డబ్బా తాగునీటికి పనికిరాదు. గోదాం నుంచి బయటికి పంపేముందు అడుగున మేకుతో రెండు మూడు చిల్లులు పొడిస్తే ఎవరూ దాన్ని ఇంటికి తీసుకుపోరు.